పచ్చదోమ యొక్కటి కాదు

గత వర్షకాలమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు అగ్గిపెట్టెలో ఏడెనిమిది పచ్చని చిన్న పురుగులను పెట్టి తెచ్చి, ఉదయప్రార్థన ముగిసి తరగతులు ఆరంభమగుటకు ముందే మా బల్లమీద నుంచెను. పెట్టె తెఱచినంతనే రెండు ఎగిరిపోయినవి. “మాస్టరుగారూ, ఇవి మా ప్రత్తిచేనిలోనివి. నిరుడు మా వరిలో పడిన పచ్చదోమా, ఇదీ ఒకటేనాండీ? అక్కడినుంచే వచ్చిందా? మా నాయన అడిగి రమ్మన్నాడు” అని పలికెను. మేము కన్నులద్దములు సవరించుకొని చూచితిమి. పచ్చగా నున్నవి, ఆకుమీద గెంతునవి, ఊరివారు రెంటిని పచ్చదోమ యనియే పిలుచుచున్నారు. ఇరువది యేండ్లుగా విజ్ఞానశాస్త్రము బోధించుచున్న మాకు ఇంతకంటె నిదర్శన మేల? “ఒకటేరా, అబ్బాయీ” అంటిమి.

ఉపాధ్యాయుని మాటకు పల్లెలో నెంత విలువ గలదో మేము నాడు తలంపలేదు. ఆ తండ్రి మా మాట నమ్మి, ఇద్దరు కూలీలను పెట్టి రెండు దినములు వరిపొలము గట్లమీది గడ్డి యంతయు కోయించెను. ప్రత్తిచేని ప్రక్కనే నాలుగు సాళ్ళు బెండచెట్లుండగా వానిని మాత్రము ఇంటి కూరకని ఉంచుకొనెను. నెల తిరుగకముందే ప్రత్తి యాకుల అంచులు పసుపుబారి, పిమ్మట ఎఱ్ఱబారి, క్రిందికి ముడుచుకొనినవి. అప్పుడు మేము ఆ పురుగులను సారాయి పోసిన చిన్న సీసాలో వేసికొని, మాకు పరిచయుడగు ఒక వ్యవసాయకీటకశాస్త్రజ్ఞుని యొద్దకు పోయితిమి. ఆయన భూతద్దముక్రింద నొక్క చూపు చూచి, “పంతులుగారూ, ఇది వరి మొగము చూడదండీ. దీని పుట్టిల్లు మీవాని బెండమడి” యని నవ్వెను. బెండ పెరికివేసినంత మాత్రమున ప్రత్తి దక్కెడిదని మేము చెప్పజాలము. రెండు దినముల కూలి మాత్రము దక్కెడిది.

జీవుల వర్గీకరణ యనగా లాటిను పేళ్ళను వల్లెవేయుటయే యనియు, పరీక్షకు వచ్చు నాలుగు ముక్కలు చాలుననియు మన పాఠశాలలలో నొక అభిప్రాయము స్థిరపడియున్నది. అది తప్పని మా యభిప్రాయము. ఆ తప్పును మేమే చేసియున్నాము గనుక చెప్పుటకు మాకు కొంత అధికారము కలదనుకొందుము.

మొదట మన మాటను విచారింతము. తెలుగున దోమ యను పదము ఎంత ఉదారమైనదో చూడుడు. మనలను కుట్టునది దోమ. ప్రత్తి, బెండల యాకు క్రింద తెల్లని పిండివలె నంటియుండునది తెల్లదోమ. వరిదుబ్బు మొదట చేరి పైరును గుండ్రముగా కాల్చివేయునది సుడిదోమ. ఆకులపై గెంతునది పచ్చదోమ. కుట్టుదోమకు ఱెక్కలు రెండే, తక్కినవానికి నాలుగు. తక్కిన మూడును ముక్కుతో రసము పీల్చు హెమిప్టెరా వర్గములోనివే యైనను, మూడును వేర్వేరు కుటుంబములవి. సుడిదోమ వెనుకకాలి పిక్క చివర కదలెడి ముల్లొకటి యుండును. పచ్చదోమ పిక్కమీద ఱంపపు పండ్లవలె సన్నని ముండ్ల వరుసలుండును. ఎనిమిదణాల భూతద్దముతో పూర్వము చూచిన ఈ భేదమును నేడును అంతకంటె గొప్ప పరికర మక్కఱలేకయే ఏ బాలుడైనను చూడవచ్చును.

ఇంతవరకు సులభము. పచ్చదోమ యను నొక్క పేరు క్రిందనే మరల ఎన్ని యున్నవో చూచినప్పుడు కష్టము తెలియును. వరి పచ్చదోమ నెఫోటెట్టిక్సు ప్రజాతిది. నాలుగైదు మిల్లీమీటర్ల పొడవుండి, మగదాని ఱెక్కల చివరలు నల్లగా నుండును. ప్రత్తి, బెండ, వంకాయలపై నుండునది ఆమ్రాస్కా బైగుట్టులా. పొడవు మూడు మిల్లీమీటర్లు మించదు. ఒక్కొక్క ముందుఱెక్క చివరకు దగ్గరగా ఒక్కొక్క నల్లచుక్క యుండును. ఆముదముపై నొకటి, వేరుసెనగపై ఎంపోయాస్కా కెర్రి యను మఱియొకటి గలవు. ఇవి రాత్రులందు దీపమునకు మూగును గనుక కొందఱు రైతులు దీపపు పురుగులని యందురు. మామిడిపూతపై తేనెమంచు కురిపించు పురుగును ఈ కుటుంబములోనిదే కాని, శాఖ వేరు. ఈ కుటుంబమునకు సికాడెల్లిడే యని పేరు. లోకమున దీనియందు వర్ణింపబడిన జాతులు ఇరువదివేలకు పైబడినవి.

అందులో మిక్కిలి చిన్నవియు, సుకుమారమైనవియు నగు జాతులు టిఫ్లోసైబినే యను ఉపకుటుంబమున చేరినవి. ఇవియే యాఱువేలకు పైగా గలవు. మా విద్యార్థి తెచ్చినది ఇందులోనిది, వరిది కాదు. సాధారణముగా రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండి, చేత పట్టిన ఱెక్క రాలిపోవునంత కోమలముగా నుండును. వీనిలో పెక్కింటికి నడినెత్తిమీది సరళనేత్రములు లోపించుటయో, స్పష్టముగా కనబడకుండుటయో కలదు. టిఫ్లోస్ అనగా గ్రీకుభాషలో గ్రుడ్డి. దీనిని చదివి మా విద్యార్థులు ఈ పురుగులకు చూపు లేదనుకొనరాదు. ప్రక్కల నుండు పెద్ద కన్నులు చక్కగా నున్నవి. పట్టబోయినవానికి ఆ సంగతి తెలియును. పిల్లపురుగులకు ఱెక్కలుండవు, ఆకు త్రిప్పి చూచినచో ఎండ్రకాయవలె ప్రక్కవాటుగా పరుగెత్తి ఈనె చాటునకు పోవును.

ఇంత చిన్నవానిని ఎట్లు వేఱుపఱతురు? రంగునుబట్టి యని మేమును తలచితిమి. రంగు మోసగించును. బ్రదికియుండగా పచ్చనిది చచ్చి యెండిన పిమ్మట పసుపుగా మారును. ఉపకుటుంబమును తెగలుగా విభజించుటకు ముఖ్యముగా ఱెక్కల ఈనెలను, అందును వెనుకఱెక్క ఈనెల కూర్పును చూతురు. ఎంపోయాస్కినీ, ఎరిత్రోన్యూరినీ, డిక్రన్యూరినీ, అలెబ్రినీ, టిఫ్లోసైబినీ యనునవి యట్లు ఏర్పడిన తెగలు. జాతి నిర్ణయింపవలెనన్నచో అదియు చాలదు. మగపురుగు ఉదరపుకొసను కత్తిరించి, కాస్టిక్ పొటాష్ ద్రవములో కాచి, కండరములు కరగిన పిమ్మట మిగిలిన గట్టిభాగములను గ్లిసరినులో నుంచి, సూక్ష్మదర్శినిలో వాని వంపులను, కొక్కెములను చూడవలెను. పైకి కవలలవలె నున్నవి లోపల తాళపుచెవులవలె భిన్నముగా నుండును. ఆడుపురుగు మాత్రమే దొరికినచో పెక్కు సమయములందు గొప్ప పండితుడును తల గోకికొనవలసినదే. అగ్గిపెట్టెవైపు చూచి “ఒకటేరా” యనిన మా ధైర్యము ఇప్పుడు తలచికొన్న మాకే నవ్వు వచ్చుచున్నది.

ఈ ప్రత్తిపురుగు పేరుయొక్క చరిత్ర కొంచెము చెప్పదగినది. 1758లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు పండితుడు గులాబిచెట్టుపై నుండు ఇట్టి సుకుమారపు పురుగొకదానికి సికాడా రోసే యని పేరిడెను. చెట్లపై రొదపెట్టు పెద్ద సికాడా మొదలుకొని ఈ నలుసంత పురుగువఱకు నాడు అన్నియు ఒక్క సంచిలోనివే. 1833లో జెర్మారు టిఫ్లోసైబా ప్రజాతిని, 1862లో అమెరికాలో వాల్షు ఎంపోయాస్కా ప్రజాతిని ఏర్పఱచిరి. 1913లో ఇషిదా యను జపానుశాస్త్రజ్ఞుడు తైవాను ద్వీపపు ప్రత్తిపై నున్నదానిని బైగుట్టులా, అనగా రెండు చిన్న బిందువులు గలది, యని వర్ణించెను. 1918లో డిస్టెంటుగారు మన దేశపు ప్రత్తిపై నున్నదానిని ఎంపోయాస్కా డెవాస్టాన్స్, అనగా పాడుచేయునది, యని వర్ణించిరి. రెండును ఒకటే యని పిమ్మట తేలినది. ముందు పెట్టిన పేరు నిలువవలెనను నియమము చొప్పున రెండు బిందువుల పేరే నిలిచినది. రైతును అడిగినచో రెండవ పేరే తగినదనును. 1967లో ఘౌరీగారు మామిడిపై దొరకిన ఒక జాతి మూలముగా ఆమ్రాస్కా యను ప్రజాతిని స్థాపించిరి (ఆ పేరులో మన ‘ఆమ్ర’ శబ్దము మా చెవికి వినబడుచున్నది). మన ప్రత్తిపురుగు నేడు ఆ యింటిపేరుతో నున్నది. 1983లో ఆయనయే ఈ యొక్క పురుగు పేరేదో నిర్ణయించుటకు ప్రత్యేకముగా నొక వ్యాసము ప్రకటించిరి.

“పేళ్ళు మార్చుచునే యుందురు, వారికే తెలియనిది మా పిల్లలకేల?” యని ఒక తండ్రి మమ్ము సూటిగా అడిగిరి. ఆయన ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మేమిట్లు చెప్పితిమి: భూమి సర్వే చేయునప్పుడు పాత కొలతలో తప్పు కనబడినచో లెక్క దిద్దుదురు, అందుచేత పొలమునకు గట్టు లేదని యెవరును అనరు. ఇషిదా తైవానులోను, డిస్టెంటు మన దేశపుదానిని చూచియు వర్ణించిన రెండు పురుగులు ఒకటే యని తెలియుటచేతనే ఆ రెండు ప్రదేశములందు దానిని గూర్చి నేర్చినదంతయు ఒకచోట చేర్చుకొనుటకు వీలుపడినది. పోలెండు దేశపు విదుషి ఇరీనా డ్వొరకోవ్స్కా, మన దేశమున ఉషా రామకృష్ణన్, రామదాసు మీనన్, సోహీ, విరక్తమఠ్ మొదలగువారు సంవత్సరములకొలది ఈ చిన్నపురుగుల తోకలను విప్పి బొమ్మలు గీచిరి. వారు వేడుకకై చేసినది కాదు. పేరు సరిపడినగాని తక్కిన జ్ఞానము చేరదు.

పేరు తప్పినచో చేనిలో నేమగును? వరి పచ్చదోమ తాను పీల్చుటకంటె, టుంగ్రో తెగులును మొక్కనుండి మొక్కకు మోయుటచే నెక్కువ హానికరము. తెగులున్న పొలమున కొద్ది పురుగులైనను అపాయమే. ప్రత్తి పచ్చదోమకు అట్టి తెగులు మోత లేదు. దాని లాలాజలమును, పీల్చుటయు నాకును మాడ్చును. అచ్చట లెక్క ముఖ్యము, అందుచే ఆకుకు ఎన్ని పిల్లపురుగులున్నవో చూచి పిమ్మట మందు మాట తలపవలెను. బెండయాకుపై పచ్చదోమ, తెల్లదోమ రెండును కలిసి కాపురముండును. అంచు మాడినది పచ్చదోమ పని. ఈనెలు పసుపుబారి వల యల్లినట్లగుట తెల్లదోమ మోసికొనివచ్చిన తెగులు. ఒక్క ఆకు చేతికిచ్చి ఎవరి పని యేదో చెప్పుమన్నచో అంతకంటె మంచి పరీక్షాప్రశ్న మాకు తోచదు.

మఱియొక సంగతి. ఆకుపై నూగెక్కువగా గల ప్రత్తిని ఈ పచ్చదోమలు బాధింపలేవు. దక్షిణాఫ్రికాలో బార్బర్టనుయందు పార్నెల్‌గారు, కొంతకాలము పూర్వము మన కోయంబత్తూరునందు వరిని గూర్చి పరిశోధించినవారే, ఇట్టి నూగు ప్రత్తిని ఏరి వృద్ధిచేసిరి. అది అచ్చటి పచ్చదోమకు తట్టుకొని నిలిచినది. కాని నూగు గల ఆకు తెల్లదోమకు ఇష్టము! ఒక దోమకు తలుపు మూయగా మఱియొకదానికి తెఱచినట్లగును. రెండును దోమలే గదా యనువాడు విత్తనమెట్లు ఎన్నుకొనగలడు?

ఇక వీని వ్యాప్తి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండములందును టిఫ్లోసైబినేలు గలవు. పెక్కింటికి ఒకటి రెండు మొక్కలే యాహారము. అట్టివి ఆ చెట్టున్నచోటనే యుండును. కొన్నింటికి మాత్రము తిండి యనేకము, దేశమును అనేకము. ఇంత కోమలమైనది దూరదేశము లెట్లు పోవును? గాలి యొక దారి. అమెరికాలో ఎంపోయాస్కా ఫేబే యను ఉర్లగడ్డ పురుగు ఉత్తరపు చలికి నిలువజాలక చచ్చును. ప్రతివసంతమునను దక్షిణసముద్రతీర రాష్ట్రములనుండి గాలిమీద మరల నుత్తరమునకు పోయి, కెనడావఱకు చేరును. రెండవదారి మనుష్యుడు. ఈ పురుగులు గ్రుడ్లను ఆకుకండలోను, ఈనెలోను దూర్చిపెట్టును, పైకి కనబడవు. శుభ్రముగా కడిగిన మొక్కతోడను ఓడ యెక్కవచ్చును. లిన్నేయసు వర్ణించిన గులాబిపురుగు ఐరోపానుండి అమెరికా చేరినది.

మన ప్రత్తి పచ్చదోమ చిరకాలము ఆసియాకే పరిమితమై యుండెను. 2022లో ఐవరీకోస్టు మొదలగు పశ్చిమాఫ్రికా దేశములందు ప్రత్తిచేలు హఠాత్తుగా మాడిపోయినవి. అచ్చట పూర్వమునుండి జాకోబియెల్లా ఫేషియాలిస్ అను వేఱొక పచ్చపురుగు గలదు. కంటికి దీనిని పోలియే యుండును. మగపురుగుల అంగములను, వంశపదార్థమగు డీ.ఎన్.ఏ.ను పరీక్షించిన పిమ్మట అది పాతది కాదనియు, మన ఆమ్రాస్కా బైగుట్టులాయే యనియు నిర్ణయమైనది. 2023లో పోర్టోరికోయందును, 2024లో ఫ్లోరిడాయందును కనబడి, 2025లో అమెరికా దక్షిణరాష్ట్రముల ప్రత్తిపై వ్యాపించినది. ఆఫ్రికా రైతునకును మా గ్రామపు రైతునకును ఒకే చిక్కు వచ్చినది గదా: పచ్చగా నున్నది గనుక పాతదే యనుకొనుట. అక్కడ విప్పి చూచినవారుండిరి.

అన్ని చోట్లను ఇవి శత్రువులే యనుటయు సరికాదు. తైవానులో ఒకవిధమగు చిన్న పచ్చపురుగు కొఱికిన తేయాకుచేతనే తేనెవాసన గల ఖరీదైన తేనీరు తయారగును. ఆ తోటలవారు పురుగు రానియేడు విచారింతురు. ఆ పురుగు పేరు చిరకాలము తైవానులో నొకటియు, చైనాలో మఱియొకటియుగా నుండి, ఇటీవలనే రెండును జపానులో వర్ణింపబడిన ఎంపోయాస్కా ఒనుకీయే యని తేలినది.

ఇప్పుడు మా ప్రార్థన. మా పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలో నొక అద్దాల బీరువా కలదు. అందులో ఎవరో పూర్వము తెచ్చిన పగడపుకొమ్మ, ఉష్ట్రపక్షి గ్రుడ్డు, ఊరు పేరు లేని కొన్ని సీతాకోకచిలుకలు ఉన్నవి. అవి ఉండవచ్చును. కాని మన చేలలోని పురుగొక్కటియు అందు లేదు. బాలుడు ఆస్ట్రేలియా కంగారుబొమ్మ చక్కగా వేయును. తన బెండమడిలో నేమున్నదో ఎఱుగడు. దీనికి తప్పు బాలునిది కాదు, మాది. చిన్న సీసాలు, కొంచెము సారాయి, కాగితపు ముక్కలు, రెండు మంచి భూతద్దములు చాలును. ప్రతి సీసాలోను పురుగు పట్టిన మొక్క, ఊరు, తేది, పట్టినవాని పేరు పెన్సిలుతో వ్రాసి వేయవలెను. సిరా సారాయిలో కరగును. తేది లేని పురుగు, ఎంత సుందరమైనను, మాకు వలదు.

పైరు పేరు చేర్చి “ప్రత్తి పచ్చదోమ”, “వరి పచ్చదోమ” యనుట అలవాటు చేసికొన్నచో తెలుగుమాట చెడకుండనే సగము తికమక తీరును. సగమే, ఏలయన ప్రత్తి పచ్చదోమ బెండపైనను వంకాయపైనను కూడ నుండును గదా. తక్కిన సగమునకు సూక్ష్మదర్శిని కావలెను. పరీక్షలకు చదువవలసిన కాలము పురుగులపాలగునని భయపడు తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, వారమునకు నలుబది నిమిషములు చాలును; ఆ కాలమున వల్లెవేసిన పాఠము మఱునాటికి నిలుచుట మేము అరుదుగా చూచితిమి.

ఆ విద్యార్థి తండ్రియొద్దకు మేమే పోయి మా పొరపాటు చెప్పుకొంటిమి. ఆయన మమ్ము నులకమంచముపై కూర్చుండబెట్టి మజ్జిగ యిప్పించి, “పోనీయండి పంతులుగారూ, గట్లన్నా బాగుపడ్డాయి” అనెను. బీరువాలో క్రొత్త అరలో మొదటి సీసా ఆ బాలునిదే. రెండవ సీసాలో బెండపై పట్టినది, మూడవదానిలో వరిది ఉన్నవి. నాల్గవది కంచెమీది తుత్తురుబెండపై దొరకినది. పసుపువన్నెది, ఱెక్కపై చుక్క లేదు, రెండు ఆడుపురుగులు మాత్రమే. దాని చీటిమీద మొక్క, ఊరు, తేది వ్రాసి, పేరుండవలసినచోట ఖాళీ వదలితిమి. అదే మొక్కపై మగపురుగు దొరకినవారు, ఆకుతో సహా, సోమవారమునాడు తీసికొని రావలెను.